నలభై దాటాక గాబరా, ఊపిరాడని ఉద్యోగం: పెరిమెనోపాజ్‌ను ఆఫీసుతో పాటు నెట్టుకురావడం ఎలా?

ఏళ్ళ తరబడి క్లయింటు ముందు తడబడకుండా మాట్లాడిన మనిషికి నలభై మూడో ఏటో, నలభై ఐదో ఏటో ఉన్నట్టుండి సోమవారం కాల్ అంటేనే గుండె దడ మొదలవుతుంది. నాలుక చివర ఉన్న మాట బయటికి రాదు. మేనేజర్ 'ఒక్క నిమిషం మాట్లాడదామా' అని మెసేజ్ పెడితే చాలు, ఉద్యోగం ఊడిందనే అనిపిస్తుంది. రాత్రి మూడింటికి మెలకువ వస్తే ఇక తెల్లారేదాకా ఆలోచనలే. బెంగళూరులో ఐటీ కంపెనీల్లో, బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో పనిచేసే మన తెలుగు ఆడవాళ్ళు చాలామంది దీన్ని 'వయసైపోయింది, ఇక నా వల్ల కాదు' అని సరిపెట్టుకుంటారు. కొందరు రాజీనామా దాకా వెళ్తారు.

నేను చెప్పేది ఒకటే. ఉద్యోగం గురించి ఏ పెద్ద నిర్ణయమైనా ఒంటి సంగతి తేల్చుకున్నాకే తీసుకోండి. వరస తప్పితే మంచి ఉద్యోగం పోతుంది, గాబరా మాత్రం ఇంటిదాకా వెంటే వస్తుంది.

ముందు, ఒంట్లో ఏం జరుగుతోంది?

వరసగా 12 నెలలు పీరియడ్స్ రాకపోతే దాన్ని మెనోపాజ్ అంటారు. దానికి ముందు హార్మోన్లు ఎగుడుదిగుడుగా నడిచే కాలం పెరిమెనోపాజ్. చాలామందికి నాలుగైదేళ్ళు, కొందరికి ఎనిమిదేళ్ళ పైన కూడా ఉంటుంది. మన దేశంలో మెనోపాజ్ సగటున 46, 47 ఏళ్ళకే వస్తుంది, పాశ్చాత్య దేశాల్లో 51 దగ్గర. కాబట్టి అమెరికా వెబ్‌సైట్లు చదివి 'నాకింకా టైముంది' అనుకోకండి. నలభై, నలభై రెండుకే మొదలైతే వింతేమీ లేదు. మీ అమ్మగారికి ఏ వయసులో ఆగిపోయాయో ఒకసారి ఫోన్ చేసి అడగండి. మీకు ఎప్పుడు అన్నదానికి అదొక మంచి ఆనవాలు.

ఈ కాలంలో అండం విడుదల కాని నెలలు పెరుగుతాయి. అలాంటి నెలల్లో ప్రొజెస్టెరాన్ అనే ఆడ హార్మోన్ సరిగా తయారు కాదు. ప్రొజెస్టెరాన్ నుంచి పుట్టే ఒక పదార్థం మెదడులోని గాబా వ్యవస్థ మీద పనిచేసి మనసును నెమ్మదిగా ఉంచుతుంది, ఆ ఆసరా తగ్గుతుంది. ఇంకో ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ అయితే ఒకేసారి పడిపోదు. ఎండాకాలం మన ఊళ్ళో ఓల్టేజీలా ఒక వారం ఎగిసి, ఒక వారం కుంగుతుంది. మూడ్‌ని నిలకడగా ఉంచే సెరటోనిన్ అనే మెదడు రసాయనం పనితీరు కూడా దాంతో ముడిపడి ఉంది. పైన వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు, తెగే నిద్ర. అప్రైజల్ సీజన్ కూడా అప్పుడే వస్తే గోరుచుట్టు మీద రోకటిపోటే.

కాన్పు తర్వాత దిగులు పడినవాళ్ళకి, పీరియడ్స్ ముందు మరీ చిరాకు, ఏడుపు వచ్చేవాళ్ళకి, ఎప్పుడైనా డిప్రెషన్‌కో ఆందోళనకో మందులు వాడినవాళ్ళకి ఈ దశలో అది తిరగబెట్టే అవకాశం ఎక్కువ. మీరు ఆ కోవలో ఉంటే డైరీ రాస్తూనే, ఈ వారమే డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి.

1. రెండు నెలలు రాసుకోండి

ఫోన్ నోట్స్ చాలు, ప్రత్యేకమైన యాప్ అక్కర్లేదు. రోజుకి రెండు లైన్లు: పీరియడ్ మొదలై ఎన్నో రోజు, ఎంతసేపు నిద్రపోయారు, కాఫీ ఎన్ని, దడ ఎప్పుడు వచ్చింది, అప్పుడు ఏం చేస్తున్నారు, టెన్షన్ పదికి ఎంత. ఇలా:

'మంగళవారం, 24వ రోజు. రాత్రి ఒంటిగంటకి పడుకుంటే నాలుగున్నరకి చెమట పట్టి లేచాను. కాఫీ 3. పదకొండింటి రివ్యూలో ముఖం వేడెక్కింది, వెంటనే దడ. టెన్షన్ 7.'

'గురువారం, 26వ రోజు. ఒక్క మీటింగూ లేదు. అయినా మధ్యాహ్నం ఊరికే ఏడుపొచ్చింది. 8.'

'సోమవారం, పీరియడ్ 3వ రోజు. రాత్రి కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, రెండు సార్లు రోల్‌బ్యాక్ అయింది (పెట్టింది వెనక్కి తీయాల్సొచ్చింది). అయినా నిబ్బరంగానే ఉన్నాను. 3.'

మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. మీటింగే లేని గురువారం 8, రెండు రోల్‌బ్యాక్‌ల సోమవారం 3. ఇలాంటి వరస రెండు నెలలూ కనిపిస్తే గాబరాకి మూలం ఆఫీసు ఒక్కటే అయ్యుండదు. అదే, ప్రతి ఆదివారం సాయంత్రం పెరిగి, సెలవు పెట్టిన వారంలో మాయమైతే ఆ ప్రాజెక్టునో ఆ మేనేజర్‌నో అనుమానించాల్సిందే. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. ఏది ఎంత అన్నది తెలియాలంటే రాసుకోవాలి, బుర్రలో గుర్తుపెట్టుకుందామంటే కుదరదు. అసలు మతిమరుపే ఇందులో ఒక లక్షణం.

ఆందోళన ఎంత ఉందో కొలిచే జీఏడీ-7 అనే చిన్న ప్రశ్నావళి కూడా ఉంది. గత రెండు వారాల గురించి ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 21. పది, ఆపైన వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించుకోవాలి. నెలకోసారి నింపి, తేదీ వేసి దాచుకోండి.

2. రక్త పరీక్షలు: ఏవి కావాలి, ఏవి అక్కర్లేదు

'పూర్తి హార్మోన్ ప్యాకేజీ' అని ల్యాబులు అమ్మేవాటికి వేలు పోయకండి. 45 దాటినవాళ్ళలో పెరిమెనోపాజ్‌ని లక్షణాలను బట్టే గుర్తిస్తారు. ఆ ప్యాకేజీల్లో ఉండే ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోన్ పరీక్ష ఈ వారం ఒక అంకె, వచ్చే వారం ఒక అంకె చూపిస్తుంది, దాన్ని బట్టి ఏదీ తేలదు. నలభై లోపే పీరియడ్స్ తప్పుతుంటే మాత్రం ఆ పరీక్షలు తప్పనిసరి, అది వేరే కథ.

కావలసినవి, ఇవే లక్షణాలు తెచ్చే వేరే జబ్బులను పట్టుకునే పరీక్షలు: టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, షుగర్, బీపీ. దడ తరచుగా వస్తుంటే ఒక ఈసీజీ. పీరియడ్స్‌లో ఎక్కువ రక్తం పోయేవాళ్ళకి ఐరన్ తగ్గి, మెట్లెక్కితేనే గుండె కొట్టుకుంటుంది. దాన్ని 'టెన్షన్' అని కొట్టేస్తే రక్తహీనత అలాగే ఉండిపోతుంది.

థైరాయిడ్ దగ్గర ఇంకాస్త ఆగాలి. మనలో చాలామంది పొద్దున్నే థైరాక్సిన్ అనే థైరాయిడ్ మాత్ర వేసుకుని, ఆ చేత్తోనే ఫిల్టర్ కాఫీ అందుకుంటారు. మాత్ర పరగడుపున నీళ్ళతో వేసుకుని అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకి నాలుగు గంటల ఎడం ఉండాలి. ఈ ఎడం లేక మందు ఒంటికి పట్టనప్పుడు డోసు పెంచుతారు, తర్వాత అలవాటు మారితే అదే డోసు ఎక్కువై దడ, చేతుల వణుకు, నిద్రలేమి తెస్తుంది. జుట్టు రాలుతోందని బయోటిన్ వాడుతున్నారా? అది థైరాయిడ్ రిపోర్టును తారుమారు చేయగలదు. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపండి, ల్యాబులో కూడా చెప్పండి.

3. డాక్టరు దగ్గర

పదిహేను నిమిషాల అపాయింట్‌మెంట్‌లో ఏడుపొస్తే అసలు విషయం మిగిలిపోతుంది. అందుకని రాసుకుని వెళ్ళండి: 'ఆరు నెలలుగా పీరియడ్స్ ఒకసారి 22 రోజులకి, ఒకసారి 40 రోజులకి వస్తున్నాయి. రాత్రి చెమటలు పడుతున్నాయి, కారణం లేకుండా దడ వస్తోంది, పని దెబ్బతింటోంది. ఇవిగో రిపోర్టులు. ఇది పెరిమెనోపాజేనా? నాకు హార్మోన్ చికిత్స పనికొస్తుందా? పనికిరాకపోతే ఎందుకు?' 'ఈ వయసులో మామూలేనమ్మా, యోగా చేసుకో' అని పంపించేస్తే ఇంకో డాక్టరును చూడండి. ఇంత పెద్ద ఊళ్ళో గైనకాలజిస్టులకు కొదవ లేదు.

హార్మోన్ చికిత్స అంటే మనవాళ్ళకి క్యాన్సర్ భయం. ఆ భయం చాలావరకు 2002లో వచ్చిన ఒక పెద్ద అమెరికా అధ్యయనం నుంచి పుట్టింది. అందులో పాల్గొన్నవాళ్ళ సగటు వయసు 63. నలభైల్లో, యాభైల్లో మొదలుపెట్టేవాళ్ళ లెక్క వేరు. అరవై లోపు, లేదా మెనోపాజ్ వచ్చిన పదేళ్ళ లోపు, లక్షణాలతో ఇబ్బంది పడే ఆరోగ్యవంతులకి సాధారణంగా నష్టం కంటే మేలే ఎక్కువ. గర్భసంచి ఉన్నవాళ్ళకి ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టెరాన్ తప్పక ఇవ్వాలి. చర్మానికి రాసుకునే జెల్‌తో, మామూలు డోసుల్లో, రక్తం గడ్డకట్టే ముప్పు పెరగదు, నోటి మాత్రతో కొంత పెరుగుతుంది. రెండు హార్మోన్లూ కలిపి ఏళ్ళ తరబడి వాడితే రొమ్ము క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెరుగుతుంది, ఆ మాట దాచడం సరికాదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, రక్తం గడ్డలు కట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్ళు తమంతట తాము అసలు ముట్టుకోకూడదు. ఇంకొకటి, ఇది గర్భనిరోధకం కాదు. పీరియడ్స్ గాడి తప్పినంత మాత్రాన గర్భం రాదనే భరోసా లేదు.

హార్మోన్లు పడనివాళ్ళకి, లేదా ఆందోళనే ముందున్నవాళ్ళకి ఎసిటలోప్రామ్, వెన్లాఫాక్సిన్ లాంటి, డిప్రెషన్‌కీ ఆందోళనకీ ఇచ్చే మందులున్నాయి. అవి వేడి ఆవిర్లను కూడా తగ్గిస్తాయి. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆపేటప్పుడు మెల్లగా ఆపాలి. రొమ్ము క్యాన్సర్‌కి టమాక్సిఫెన్ వాడుతున్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి, కొన్ని మందులు దానికి అడ్డుపడతాయి. పక్క సీటు ఆవిడ ఇచ్చిన ఆల్ప్రజోలమ్ (గాబరాని వెంటనే అణిచే మత్తు మాత్ర) మాత్రం వద్దు. రోజూ వేసుకుంటే త్వరగా అలవాటైపోతుంది, మర్నాడు బుర్ర మొద్దుబారుతుంది. అశ్వగంధ 'సహజం' కదా అని మొదలుపెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. అది థైరాయిడ్ హార్మోన్ మీద ప్రభావం చూపగలదు, కొందరిలో లివర్ దెబ్బతిన్న సందర్భాలున్నాయి. వాడుతుంటే డాక్టరుకి చెప్పండి.

4. మీటింగ్ మధ్యలో దడ వస్తే

వేడి ఆవిరి సాధారణంగా కొద్ది నిమిషాల్లో పోతుంది. గాబరా ఎక్కువగా పది నిమిషాల లోపే శిఖరానికి చేరి దిగుతుంది. ఈ రెండు మాటలు ముందే గుర్తుంటే సగం బరువు దిగినట్టే. ఎందుకంటే అసలు దెబ్బ దడతో తగలదు, 'అందరూ చూస్తున్నారు, ఇప్పుడు నాకేమవుతుందో' అన్న రెండో భయంతో తగులుతుంది.

పాదాలు రెండూ నేలకి గట్టిగా ఆనించండి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదిలేది ఎక్కువ ఉండాలి, అదే కిటుకు. పెద్ద పెద్ద ఊపిర్లు గబగబా తీస్తే తల తిరిగి ఇంకా కంగారు పెరుగుతుంది. చల్లని నీళ్ళు ఒక గుక్క. మాట్లాడే వంతు మీదే అయితే ఒక వాక్యం సిద్ధంగా ఉంచుకోండి: 'అంకె సరిచూసుకుని రెండు నిమిషాల్లో చెప్తాను.' అది ఎవరికీ వింతగా అనిపించదు. ఇంట్లో మామూలుగా ఉన్నప్పుడు రోజూ ఐదు నిమిషాలు ఈ ఊపిరి సాధన చేయకపోతే అవసరానికి గుర్తు రాదు.

క్యాబ్‌లో, ట్రాఫిక్‌కి పేరుపడ్డ సిల్క్ బోర్డ్ కూడలి దగ్గర ఇరుక్కుపోయినప్పుడు వచ్చేది ఇంకో రకం: దిగలేను, పారిపోలేను అన్న ఉక్కిరిబిక్కిరి. కిటికీ పక్క సీటు, చేతిలో నీళ్ళ బాటిల్, నూలు బట్టలు. కుదిరినవాళ్ళు మెట్రోకి మారితే కొంత నయం. పర్పుల్ లైన్ 2023 అక్టోబరు నుంచి వైట్‌ఫీల్డ్ దాకా, ఎల్లో లైన్ 2025 ఆగస్టు నుంచి ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర దాకా నడుస్తున్నాయి. దడ ఎక్కువైతే మధ్య స్టేషన్‌లో దిగి, పది నిమిషాలు కూర్చుని, వెనక వచ్చే రైలెక్కవచ్చు. భయపడి ఆ దారినే మానేయడం మాత్రం అలవాటు చేసుకోకండి. మానేసిన కొద్దీ భయం బలపడుతుంది.

5. రాత్రి మూడు గంటలు

ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టదనిపిస్తే మంచం దిగండి. హాల్లో మసక వెలుతురులో కూర్చుని చప్పగా ఉండేదేదైనా చదవండి, నిద్ర వచ్చాక వెళ్ళండి. ఫోన్ ఇంకో గదిలో ఉండాలి. మూడింటికి మెయిల్ చూస్తే అక్కడ అమెరికాలో మధ్యాహ్నం, కొత్త పని దొరకడం ఖాయం. ఆన్-కాల్ ఉన్నవాళ్ళు అలర్ట్ కాల్ ఒక్కటే మోగేలా సెట్ చేసుకోవచ్చు. ఎంత రాత్రి పడుకున్నా లేచే టైము మాత్రం మార్చకండి. కాఫీలోని కెఫీన్‌లో సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం పన్నెండు తర్వాత వద్దు. ఒకేసారి మానితే తలనొప్పి వస్తుంది, వారానికి ఒక కప్పు చొప్పున తగ్గించండి. రాత్రి ఒక గ్లాసు వైన్ నిద్ర పట్టించినట్టే పట్టించి మూడింటికి లేపుతుంది, చెమటలను కూడా పెంచుతుంది.

6. ఆఫీసులో పని సర్దుకోవడం

మీ డైరీ ఇప్పుడు పనికొస్తుంది. రాత్రి నిద్ర తెగేవాళ్ళకి ఉదయం తొమ్మిదింటి ప్రెజెంటేషన్ నరకం, పదకొండున్నరకి మార్చమని అడగడం పెద్ద కోరిక కాదు. ఉదయం ఏడుకి ఒక కాల్, రాత్రి పదికి ఇంకో కాల్ రెండూ మీవే అయితే ఒకటి వదిలించుకోండి. రెండు వైపులా కాల్చిన వత్తికి నిద్ర మాత్రలు ఏం చేస్తాయి!

మేనేజర్‌కి ఎంత చెప్పాలన్నది మీ ఇష్టం. పెరిమెనోపాజ్ అన్న మాట రాయనవసరం లేదు. ఇలా రాస్తే సరిపోతుంది:

'ఆరోగ్య కారణాల వల్ల డాక్టరు సలహా మీద వచ్చే మూడు నెలలు రాత్రి పదిన్నర దాటిన కాల్స్ తీసుకోలేను. ఉదయం ఎనిమిదిన్నర హ్యాండోవర్ నేనే చూస్తాను. రిలీజ్ రాత్రుల్లో అందుబాటులో ఉంటాను. మూడు నెలల తర్వాత మళ్ళీ మాట్లాడుకుందాం.'

ఇందులో ఏది కుదరదో, బదులుగా ఏది చేస్తారో, ఎప్పటిదాకానో ఉన్నాయి. నేను చూసినంతలో మేనేజర్లు భయపడేది గడువు లేని అభ్యర్థనకే. పోట్లాడి గెలిచే విషయంలా కాకుండా రోస్టర్ మార్పులా అడిగితే ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఆక్యుపేషనల్ హెల్త్ డాక్టరో హెచ్ఆరో ఉన్నారు, అప్పుడు డాక్టరు ఉత్తరం జత చేయండి.

కర్ణాటక ప్రభుత్వం 2025లో నెలసరి సెలవు విధానం తెచ్చింది: 18 నుంచి 52 ఏళ్ళ ఉద్యోగినులకి నెలకి ఒక రోజు, జీతంతో, మెడికల్ సర్టిఫికెట్ లేకుండా. ప్రైవేటు కంపెనీలకీ వర్తిస్తుంది. వాడని సెలవు వచ్చే నెలకి కలవదు. దీని మీద హైకోర్టుకి కూడా వెళ్ళారు కాబట్టి మీ కంపెనీ ఇప్పుడు ఎలా ఇస్తోందో హెచ్ఆర్ పోర్టల్‌లో చూసుకోండి. మొహమాటపడకుండా వాడుకోండి.

మాటలు మరిచిపోయే బెడదకి మందు కాగితమే. ప్రతి మీటింగ్‌కి మొదటి రెండు వాక్యాలు, మూడు అంకెలు రాసి ముందు పెట్టుకోండి. చేసిన పని శుక్రవారం శుక్రవారం ఒక ఫైల్లో రాయండి. సెల్ఫ్ అప్రైజల్ నింపే రోజు మీ టెన్షన్ 8 మీద ఉంటే ఏడాదంతా ఏమీ చేయలేదనే అనిపిస్తుంది, ఆ ఫైలే మీ తరఫు సాక్షి. రాజీనామా మెయిల్ రాయాలనిపిస్తే రాయండి, డ్రాఫ్టులో ఉంచండి. టెన్షన్ 4 లోపు ఉన్న ఒక వారం గడిచాక తెరిచి చదవండి.

7. తిండి, నడక

క్లుప్తంగా: వారానికి 150 నిమిషాలు చెమట పట్టేలా నడక, రెండు రోజులు బరువులతో వ్యాయామం. ఇవి నిద్రకీ, మూడ్‌కీ, ఎముకలకీ పనికొస్తాయి. భోజనం మానేసి కాఫీతో మీటింగులు లాగిస్తే షుగర్ పడిపోయి వచ్చే వణుకు కూడా గాబరాలాగే ఉంటుంది. బ్యాగులో వేయించిన సెనగలు ఉంచుకోండి. ఊళ్ళోనే ఉన్న రాగి ముద్దని ఆంధ్రా మెస్ పప్పుతో తినడానికి ఏ డైటీషియనూ అక్కర్లేదు.

8. ఇంట్లో చెప్పడం

సానుభూతి అడగకండి, పనులు అడగండి. 'ఏమండీ, నాకు ఈ మధ్య నిద్ర లేక చిరాకు ఎక్కువైంది, మీ మీద కోపం కాదు. డాక్టరు మూడు నెలలు చూద్దామన్నారు. అప్పటిదాకా పిల్లాడి స్కూలు మెసేజ్‌లు, అత్తయ్యగారి మందులు మీరు చూడండి.' ఇంతే. అత్తయ్యగారు 'మేమంతా పడలేదా అమ్మా' అంటే వాదనకి దిగకండి. 'మీకు అప్పుడు ఎలా ఉండేది అత్తయ్యా' అని అడగండి. ఎవరికీ చెప్పుకోని సంగతులు చాలానే బయటికొస్తాయి. శుక్రవారం రాత్రి బస్సెక్కి కడపకో నెల్లూరుకో వెళ్ళి ఆదివారం రాత్రి బస్సులో తిరిగొచ్చే అలవాటు ఉంటే కొన్నాళ్ళు తగ్గించండి. రెండు రాత్రుల నిద్ర పోతే వారమంతా దాని ఫలితమే.

9. మాట్లాడే చికిత్స, అత్యవసరాలు

సీబీటీ అనే, ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే కౌన్సెలింగ్ పద్ధతి మెనోపాజ్ కాలపు ఆందోళనకి, నిద్రలేమికి బాగా పనిచేస్తుంది. కంపెనీలో ఉద్యోగుల సహాయ కార్యక్రమం ఉంటే కొన్ని సెషన్లు ఉచితం, తెలుగు కౌన్సెలర్ కావాలని అడగండి. ఏడుపొచ్చినప్పుడు ఇంగ్లీషులో వివరించుకోవడం కష్టం. మానసిక వైద్యానికి పేరున్న ప్రభుత్వ సంస్థ నిమ్హాన్స్ వాళ్ళ వెల్‌బీయింగ్ సెంటర్ బీటీఎం లేఅవుట్‌లో ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం బీమా కంపెనీలు మానసిక జబ్బులకీ శారీరక జబ్బులతో సమానంగా కవరేజీ ఇవ్వాలి. ఓపీ ఖర్చు కూడా ఇస్తారా లేదా అన్నది మీ పాలసీలో చూసుకోండి.

ఛాతీలో నొప్పి, చేతికో దవడకో పాకడం, స్పృహ తప్పడం ఉంటే గాబరా అనుకోకుండా ఎమర్జెన్సీకి వెళ్ళండి. గంటకో ప్యాడ్ తడిసేంత రక్తస్రావమైనా, 12 నెలలు ఆగిపోయాక మళ్ళీ కనబడినా వెంటనే గైనకాలజిస్టుకి చూపించాలి. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన వస్తే ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి, 14416కి ఫోన్ చేయండి లేదా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్ళండి.

10. మూడు నెలల తర్వాత

డైరీ తీయండి, జీఏడీ స్కోర్లు పక్కపక్కన పెట్టండి. తగ్గకపోతే డోసో మందో మార్చమని డాక్టరును అడగండి, తనంతట తాను సర్దుకుంటుందని ఇంకో ఏడాది లాగకండి. తగ్గాక, నిద్ర పట్టిన మంచి వారాల్లో కూడా 'ఈ ఉద్యోగం వద్దు' అనే అనిపిస్తోందా? అప్పుడు రెజ్యూమె బయటికి తీయండి. మానేసే ముందు గ్రూప్ ఇన్సూరెన్స్ ఏ రోజుతో ఆగుతుందో కనుక్కుని, సొంత పాలసీ ఒకటి తీసుకోండి. ఈ వయసులో మధ్యలో ఖాళీ పడితే కొత్త పాలసీలో వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకి క్లెయిమ్ ఇవ్వని మొదటి కాలం) మొదటినుంచి లెక్కపెడతారు.